క్వేక్ 3, అన్‌రియల్ టోర్నమెంట్ ఇప్పటి కుర్రాళ్లకి ఎక్కుతాయా?

మీ ప్రశ్న ఇది: మీరు ఇంజినీరింగ్ హాస్టల్లో లాన్ (దగ్గరి కంప్యూటర్లని కలిపిన నెట్‌వర్క్) మీద క్వేక్ 3 ఆడినవారు. బీటెక్ చదువుతున్న మీ తమ్ముడూ అతని రూమ్మేట్లూ వాలరెంట్, బీజీఎంఐ లాంటి ఇప్పటి తుపాకీ ఆటలు తప్ప ఇంకోటి ముట్టరు. ఈ అరీనా షూటర్లు (ఒక మ్యాప్‌లో పరిగెడుతూ, దారిలో దొరికే ఆయుధాలు ఏరుకుని ఒకర్నొకరు కాల్చుకునే ఆటలు) చూపిస్తే వాళ్లకి నచ్చుతాయా, పాత చింతకాయ పచ్చడని పక్కన పెడతారా, మొదలుపెట్టాలంటే దేనితో, ఎలా?

నచ్చుతాయి. ఒక్కటే షరతు. ఆన్‌లైన్ సర్వర్లోకి నేరుగా తోసేయకండి. ఒకే స్థాయిలో ఉన్న నలుగురైదుగురు ఒక గదిలో కూర్చుని ఆడేలా చూడండి. ఆట ఇప్పటికీ గట్టిగానే ఉంది. కొత్తవాడికి తగిన ఉజ్జీ బయట దొరకడమే కష్టం. ఈ తేడా పట్టించుకోకుండా "ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు" అనేస్తుంటారు. ఓపిక సంగతి కాదిది.

ఎందుకో చూడండి. అన్‌రియల్ టోర్నమెంట్ 1999 నవంబరులో, క్వేక్ 3 అరీనా డిసెంబరులో వచ్చాయి. అప్పుడు అందరూ కొత్తవాళ్లే, ఏ సర్వర్లోకి వెళ్లినా మీలాంటి వాళ్లు నలుగురు తగిలేవారు. ఇప్పుడు క్వేక్ లైవ్ (క్వేక్ 3కే తర్వాతి రూపం) సర్వర్లలో మిగిలినవాళ్లలో చాలామంది ఇరవై ఏళ్లుగా అవే మ్యాపులు తొక్కుతున్నవాళ్లు. కళ్లు మూసుకుని కూడా రెడ్ ఆర్మర్ (దెబ్బలు మింగే కవచం) దగ్గరికి పోగలరు. ఒక సమయంలో ప్రపంచం మొత్తంలో మూడొందల మంది ఆడుతున్నారనుకుందాం. వాళ్లని డ్యుయల్ (ఒకరితో ఒకరు), క్లాన్ అరీనా, టీమ్ డెత్‌మ్యాచ్ (జట్లుగా), సీటీఎఫ్ (జెండా ఎత్తుకొచ్చే ఆట) అని మోడ్‌లవారీగా విడగొట్టి, మళ్లీ ఖండాలవారీగా విడగొడితే ఒక్కో గంపలో సగటున పదీ పన్నెండు మంది మిగులుతారు. అందులో కొత్తవాడికి సరిపోయే కొత్తవాడు ఎక్కడ దొరుకుతాడు? మ్యాచ్‌మేకింగ్ (సమ ఉజ్జీల్ని కలిపే ప్రోగ్రాం) ఎంత తెలివిగా రాసినా మనుషుల్ని పుట్టించలేదు కదా.

కొత్తగా వచ్చిన ప్రయత్నాలకి తగిలిన గోడ కూడా చాలావరకు ఇదే. 2014లో మొదలైన కొత్త అన్‌రియల్ టోర్నమెంట్‌ని ఎపిక్ సంస్థ 2018 నాటికి ఆపేసింది. దాని మనుషులందరూ ఫోర్ట్‌నైట్ మీదికి వెళ్లారు. 2017 ఆగస్టులో వచ్చిన లాబ్రేకర్స్ 2018 సెప్టెంబరులో మూతబడింది. 2020లో వచ్చిన డయబాటికల్ నా దృష్టిలో బాగా కట్టిన ఆట, అయినా జనం నిలవలేదు. మొదటి వారం పాత యోధులంతా దిగుతారు, కుతూహలంతో వచ్చిన కొత్తవాళ్లు 20–0తో ఓడిపోతారు, రెండో వారానికి యోధులు మాత్రమే మిగులుతారు.

ఇక 20–0 ఎలా వస్తుందో అంకెల్లో చెప్తాను, మీ తమ్ముడికి మొదట వివరించాల్సింది ఇదే. వాలరెంట్‌లో వాండల్ అనే తుపాకీ తలకి తగిలితే ఎవడైనా ఒక్క గుండుకే పోతాడు. ఛాంపియన్‌నైనా కొత్తవాడు అప్పుడప్పుడు అదృష్టంతో పడగొట్టేస్తాడు. క్వేక్ 3లో అలాంటి దయ లేదు. కొత్తగా పుట్టిన ఆటగాడికి 125 హెల్త్, ఒక మెషిన్ గన్. హెల్త్ సెకనుకి ఒకటి చొప్పున 100కి దిగిపోతుంది కూడా. మ్యాప్‌ని గుప్పిట్లో పెట్టుకున్నవాడికి 200 హెల్త్, 200 ఆర్మర్. ఆర్మర్ ప్రతి దెబ్బలో 66 శాతం మింగేస్తుంది. రాకెట్ నేరుగా తగిలితే 100. మీవాడు రెండు రాకెట్లకి పోతాడు, రాకెట్ లాంచర్ 0.8 సెకన్లకోసారి పేలుతుంది కాబట్టి మొత్తం కథ సెకనులోపే ముగుస్తుంది. అవతలివాడికి నాలుగు రాకెట్లు నేరుగా తగలాలి. మెషిన్ గన్ అయితే ఒక్కో గుండుకి 7, అంటే 58 గుళ్లు. సెకనుకి పది చొప్పున ఒక్కటీ తప్పకుండా కొట్టినా దాదాపు ఆరు సెకన్లు.

గురి ఎంత బాగున్నా దీన్ని దాటలేరు. వాలరెంట్‌లో ఇమ్మోర్టల్ ర్యాంకు ఉన్న కుర్రాడు కూడా క్వేక్‌లో మొదటి రోజు చితికిపోయేది ఇక్కడే. "నేను ముందు చూశాను, ముందు కొట్టాను, అయినా నేనే చచ్చాను" అంటాడు. మీరు పక్కన ఉండి "వాడు 25 సెకన్ల కిందట రెడ్ ఆర్మర్ తిన్నాడు, ఇప్పుడు మళ్లీ తినబోతున్నాడు" అని చెప్పగలిగితే ఆట మీద ఆసక్తి పుడుతుంది. చెప్పేవాళ్లు లేకపోతే డిలీట్ చేస్తాడు.

లెక్క పెట్టుకోవాల్సిన వస్తువులు: క్వేక్ 3లో ఆర్మర్లు తీసుకున్న 25 సెకన్లకి, మెగా హెల్త్ (హెల్త్‌ని బాగా పెంచేది) 35 సెకన్లకి, క్వాడ్ డ్యామేజ్ (కొట్టే దెబ్బ బలం పెంచేది) లాంటివి 120 సెకన్లకి తిరిగి వస్తాయి. తెరమీద గడియారం కనపడేలా పెట్టుకుని (సీజీ_డ్రాటైమర్ 1) సెకన్ల అంకె మాత్రమే గుర్తుంచుకోవాలి. 20వ సెకనులో రెడ్ ఆర్మర్ తీస్తే 45కి వస్తుంది. 47లో తీస్తే 72, అంటే వచ్చే నిమిషం 12కి. మొదట్లో ఒక్క రెడ్ ఆర్మర్ లెక్క చాలు. రెడ్ ఆర్మర్, మెగా హెల్త్ కలిపి లెక్కపెట్టబోతే రెండూ తప్పుతాయి. (ఈ ఆదేశాలన్నీ ఆట కన్సోల్లో ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. టిల్డా మీట నొక్కితే కన్సోల్ వస్తుంది.)

ఇప్పటివాళ్లకి నిజంగా ఎక్కేది మాత్రం వేగం. ఈ విషయంలో నాకు అనుమానం లేదు. డూమ్ ఎటర్నల్, టైటన్‌ఫాల్ 2, ఏపెక్స్ ఆడి "కదలిక బాగుంది" అన్న ప్రతివాడికీ క్వేక్ నచ్చే అవకాశం ఉంది. కౌంటర్-స్ట్రైక్‌లో పిల్లలు చేసే బన్నీ హాప్ (వరస గెంతులతో వేగం నిలుపుకోవడం), సర్ఫ్ మ్యాపులు (వాలు గోడల మీద జారడం) కూడా క్వేక్ ఇంజిన్ నుంచి వారసత్వంగా వచ్చిన భౌతిక సూత్రాల ఫలితమే. అందుకే కాల్చడం కన్నా ముందు గెంతడం నేర్పండి. ఖాళీ మ్యాప్‌లో, ఒంటరిగా, పావుగంట.

స్ట్రేఫ్ జంప్ ఇలా: ముందుకి పరిగెత్తి గెంతండి. గాల్లో డబ్ల్యూ, డీ రెండూ నొక్కి ఉంచి, మౌస్‌ని కుడివైపుకి నిదానంగా, ఆపకుండా తిప్పండి. నేల తాకగానే మళ్లీ గెంతి డబ్ల్యూ, ఏ నొక్కి ఎడమవైపుకి తిప్పండి. మామూలు పరుగు వేగం సెకనుకి 320 యూనిట్లు (ఆట లోపలి కొలత), సరిగ్గా చేస్తే నాలుగైదు గెంతులకి 450 దాటుతుంది. డీఫ్రాగ్ అనే మాడ్‌లో (అసలు ఆటని మార్చి చేసిన అదనపు రూపం) వేగం అంకె తెరమీద కనపడుతుంది కాబట్టి నేర్చుకోవడానికి అదే మేలు.

చాలామందికి రాకపోవడానికి కారణాలు రెండే. ఒకటి, మౌస్‌ని ఒక్క ఊపులో 90 డిగ్రీలు తిప్పేస్తారు, వేగం పెరగాల్సింది పోయి తగ్గుతుంది. రెండోది కనపడని తప్పు: నేల తాకాక గెంతు మీట నొక్కుతారు. ఆ కొద్దిపాటి ఆలస్యంలోనే నేల రాపిడి సంపాదించిన వేగాన్ని తినేస్తుంది. గాల్లో ఉండగానే మీట వదిలి, కిందకి దిగేలోపు మళ్లీ నొక్కి పట్టుకుని ఉండాలి. నేల తగిలిన క్షణంలో ఆట దానంతటదే గెంతిస్తుంది. ఇంకో మెలిక, ఫ్రేముల సంఖ్య (సెకనుకి తెర మీద బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో). పాత క్వేక్ 3లో సెకనుకి 125 ఫ్రేముల దగ్గర గెంతు కాస్త ఎత్తు వస్తుంది. క్యూ3డీఎం13 మ్యాప్‌లో మెగా హెల్త్ మీదికి గెంతడం ఆ ఎత్తు లేనివాడికి సాధ్యం కాదు. కామ్_మ్యాక్స్‌ఎఫ్‌పీఎస్ 125 పెట్టండి. గదిలో ఒకరి ల్యాప్‌టాప్ 60 దాటకపోతే, సర్వర్లో పీమూవ్_ఫిక్స్‌డ్ 1, పీమూవ్_ఎంసెక్ 8 పెడితే అందరి గెంతూ సమానమవుతుంది.

తర్వాత రాకెట్. గుండు కాదు కాబట్టి ఇది వాలరెంట్ చేతులకి అస్సలు అలవాటు లేని ఆయుధం. రాకెట్ సెకనుకి 900 యూనిట్లు పోతుంది. 450 యూనిట్ల దూరంలో అడ్డంగా పరిగెత్తేవాడి మీదికి వేస్తే చేరడానికి అర సెకను, ఈలోపు వాడు 160 యూనిట్లు జరిగిపోతాడు. పేలుడు పరిధి 120. అంటే ఉన్నచోటికి గురిపెడితే గీత కూడా పడదు. వాడు దిగబోయే చోట, కాళ్ల దగ్గర నేలకి కొట్టమని చెప్పండి. గాల్లోకి లేచినవాడు కిందకి ఎక్కడ దిగుతాడో లెక్కకి దొరుకుతుంది, గాల్లో దారి పెద్దగా మార్చుకోలేడు పాపం. నేల మీద ఉన్నవాణ్ణి ఒక రాకెట్‌తో లేపి, లేచినవాణ్ణి రెండో ఆయుధంతో కొట్టడం ఈ ఆటలో అసలు మజా. లైట్నింగ్ గన్ పరిధి 768 యూనిట్లే, దాటితే ఎంత గురిపెట్టినా వృథా. రెయిల్‌గన్ 100 దెబ్బ తీస్తుంది కానీ మళ్లీ నిండడానికి సెకనున్నర.

ఇవి తెలిసినా ఒక చిన్న సెట్టింగ్ ఆటని పాడుచేస్తుంది: సీజీ_ఆటోస్విచ్ 0 పెట్టకపోతే దారిలో ఏ తుపాకీ తగిలినా చేతిలోది మారిపోతుంది. ఎదురుగా మనిషి ఉండగా రాకెట్ పోయి గ్రెనేడ్ లాంచర్ వస్తే ఎవరికైనా విసుగే. ఇంకోటి, ఆయుధాలు మార్చడానికి మౌస్ చక్రం వాడనివ్వకండి. రాకెట్ (5), లైట్నింగ్ (6), రెయిల్ (7) మూడింటికీ ఈ, ఆర్, ఎఫ్ లాంటి దగ్గరి మీటలు కట్టేయండి. మౌస్ సెన్సిటివిటీ కూడా పెంచాలి. వాలరెంట్ వాళ్లు పూర్తి చుట్టు తిరగడానికి అర మీటరు మౌస్ జరుపుతుంటారు. ఇక్కడ వెనకనుంచి వచ్చేవాణ్ణి చూడాలంటే 25 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. వెడల్పు తెరల మీద సీజీ_ఎఫ్‌ఓవీ (చూపు వెడల్పు) 105 నుంచి 110. తల తిరిగినట్టు ఉందంటే నడకలో తెర ఊగే సీజీ_బాబ్‌అప్, బాబ్‌పిచ్, బాబ్‌రోల్, రన్‌పిచ్, రన్‌రోల్ అన్నీ సున్నా చేయండి. చాలామందికి అక్కడితో తగ్గిపోతుంది. టచ్‌ప్యాడ్‌తో ఆడతానంటే మాత్రం ఒప్పుకోవద్దు.

ఇక గదిలో సర్వర్ పెట్టడం. క్వేక్ 3 స్టీమ్, గాగ్ అనే ఆన్‌లైన్ దుకాణాల్లో దొరుకుతుంది. దాని సోర్స్ కోడ్ 2005లో జీపీఎల్ అనే ఉచిత లైసెన్సు కింద విడుదలైంది, అందులోంచి పుట్టిన ఐఓక్వేక్3 ఇంజిన్ ఇప్పటి విండోస్ మీద ఇబ్బంది లేకుండా నడుస్తుంది. కొన్న ఆటలోని బేస్‌క్యూ3 ఫోల్డర్ నుంచి పాక్0 ఫైలు తీసి ఐఓక్వేక్3 బేస్‌క్యూ3లో వేయండి. 1.32 ప్యాచ్‌లోని పాక్1 నుంచి పాక్8 దాకా కూడా వేయాలి. ఈ ప్యాచ్ ఫైళ్లు అందరి దగ్గరా ఒకేలా లేకపోతే సర్వర్ "ప్యూర్ కాదు" అని బయటికి నెట్టేస్తుంది. లాన్‌లో సగం గొడవలు ఇదే. మిగతా సగం విండోస్ ఫైర్‌వాల్. నెట్‌వర్క్‌ని "పబ్లిక్" నుంచి "ప్రైవేట్"కి మార్చి, యూడీపీ 27960 పోర్ట్ తెరవండి. జాబితాలో సర్వర్ కనపడకపోయినా కన్సోల్లో కనెక్ట్ అని కొట్టి ఐపీ అడ్రసు ఇస్తే కలుస్తుంది.

హాస్టల్ వైఫైతో జాగ్రత్త. చాలా క్యాంపస్ రౌటర్లలో ఒక ల్యాప్‌టాప్ ఇంకో ల్యాప్‌టాప్‌ని చూడకుండా అడ్డు ఉంటుంది, ఎన్ని తంటాలు పడ్డా లాన్ పనిచేయదు. ఎనిమిది పోర్టుల స్విచ్, నాలుగైదు కేబుళ్లు తెచ్చుకోవడం శాంతి. ఫోన్ హాట్‌స్పాట్ నలుగురికి ఓ మోస్తరుగా నడుస్తుంది.

సెలవులకి ఒకడు గుంటూరు, ఒకడు వరంగల్ పోతే? మన దగ్గర చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు కాబట్టి ఇంట్లో సర్వర్ పెట్టి పోర్ట్ తెరిచినా బయటివాళ్లు చేరలేరు. టెయిల్‌స్కేల్, జీరోటయర్ లాంటి వర్చువల్ నెట్‌వర్క్‌లో అందరినీ చేర్చండి, లేదా ముంబయిలోనో హైదరాబాద్‌లోనో చిన్న క్లౌడ్ సర్వర్ గంటలకి అద్దెకి తీసుకోండి (అమెజాన్‌కి 2022 నుంచి హైదరాబాద్‌లోనే రీజియన్ ఉంది). క్వేక్ 3 సర్వర్‌కి అన్నిటికన్నా చిన్న మెషిన్ చాలు. దూరపు సర్వర్లో ఒక సంగతి గుర్తుంచుకోండి. అసలు క్వేక్ 3లో పింగ్‌ని (సర్వర్‌కి వెళ్లి వచ్చే ఆలస్యాన్ని) సరిచేసే ఏర్పాటు లేదు, వంద మిల్లీసెకన్ల పింగ్ ఉంటే రెయిల్‌గన్‌ని మనిషికి ముందు గాల్లోకి కొట్టాలి. తెరమీద సరిగ్గా మనిషి మీదే పెట్టి కొట్టే ఈ కాలపు పిల్లలు "ఆట మోసం చేస్తోంది" అంటారు. వాళ్ల తప్పు లేదు. క్వేక్ లైవ్‌లోనూ ఓపెన్‌ఎరీనాలోనూ ఆ సర్దుబాటు ఉంది.

డబ్బు పెట్టకుండా రుచి చూడాలంటే ఓపెన్‌ఎరీనా, జోనోటిక్ రెండూ ఉచితం. ఓపెన్‌ఎరీనా క్వేక్ 3కి దగ్గర, బొమ్మలు మాత్రం అంతంతమాత్రం. జోనోటిక్ చూడ్డానికి బాగుంటుంది, మొదటిసారికి వేగం కాస్త ఎక్కువే. క్వేక్ ఛాంపియన్స్ కూడా 2018 ఆగస్టు నుంచి ఉచితమే, కానీ ఒక్కో పాత్రకి ఒక్కో శక్తి, హెల్త్, వేగం వేరువేరుగా ఉంటాయి. హీరో షూటర్లకి అలవాటైనవాళ్లకి అది సులువుగా అనిపించినా, అరీనా షూటర్ లెక్క నేర్చుకోవడానికి పాతదే శుభ్రం.

ఏ మోడ్‌తో మొదలుపెట్టాలి? డ్యుయల్‌తో అస్సలు వద్దు. మొదటి రెండు మూడు కూర్చోడాలు ఇన్‌స్టాజిబ్ (ఒక్క దెబ్బకి పోవడం, వస్తువుల గొడవ లేదు) లేదా క్లాన్ అరీనా. క్లాన్ అరీనాలో అందరికీ అన్ని ఆయుధాలు, నిండు హెల్త్, ఆర్మర్ మొదట్లోనే ఇచ్చేస్తారు, రౌండ్ల వారీగా ఆడతారు. వాలరెంట్ లయకి దగ్గరగా ఉంటుంది, చచ్చినవాడు పక్కవాడి తెర చూస్తూ అరవొచ్చు. ఆ తర్వాత నలుగురైదుగురితో క్యూ3డీఎం6 మ్యాప్‌లో ఫ్రీ ఫర్ ఆల్ (ఎవరికి వారే), ఫ్రాగ్ లిమిట్ (గెలుపుకి ఎంతమందిని చంపాలో) 20, సమయం పది నిమిషాలు. అందరూ ముందుగా తెరిచేది క్యూ3డీఎం17, అంతరిక్షంలో తేలే మ్యాప్. ఫొటోకి బాగుంటుంది, ఆడితే రెయిల్‌గన్ దొరికినవాడి పెళ్లి, మిగతావాళ్లకి అగాధం. నేర్చుకోడానికి పనికిరాదు.

మీరు కూడా ఆడతారు కాబట్టి ఇది ముఖ్యం. పాత చేయి ఊరికే పోదు, పిల్లల్ని ఊచకోత కోస్తారు. క్వేక్ 3లోనే దీనికి మందు ఉంది, ఎవరూ వాడరు: ప్లేయర్ సెటప్‌లో హ్యాండిక్యాప్. 60 అని పెడితే మీ గరిష్ఠ హెల్త్ 60, మీరు కొట్టే ప్రతి దెబ్బా 60 శాతమే. మీ రాకెట్ 100 బదులు 60. స్కోరు 20–4 వస్తుంటే 50కి దించండి, 20–15 దగ్గరికి వచ్చేదాకా సర్దుతూ పోండి. మొదటి రోజు ఎంతసేపు ఆడారన్నది కన్నా ఎంత దగ్గరి స్కోరుతో ఓడారన్నదే రెండో రోజు మళ్లీ కూర్చుంటారో లేదో తేలుస్తుంది.

ఎవరికి నచ్చదో కూడా చెప్పాలి. ర్యాంకు బ్యాడ్జీ, స్కిన్ల కోసం ఆడేవాళ్లకి ఇక్కడ ఏమీ లేదు. రౌండుకీ రౌండుకీ మధ్య ఊపిరి పీల్చుకుని కబుర్లు చెప్పుకుంటూ ఆడేవాళ్లకి ఇది పరుగుపందెంలా ఉంటుంది. ఫోన్‌లోనే ఆడేవాళ్లని కూర్చోబెట్టకండి, కీబోర్డు అలవాటయ్యేలోపే విసుగొస్తుంది.

గదిలో తోడు దొరక్కపోతే, ఒక్కడే మొదలుపెట్టాలంటే, క్వేక్ కన్నా అన్‌రియల్ టోర్నమెంట్ 1999 మేలు. కారణం బాట్లు (కంప్యూటర్ ఆడించే ఆటగాళ్లు). క్వేక్ 3 బాట్లకి అయిదు స్థాయిలు. పై స్థాయిలో అవి తెలివి కన్నా రెయిల్‌గన్ గురితో చంపుతాయి, వాటితో ఆడితే మూలల్లో నక్కడం నేర్చుకుంటారు. అన్‌రియల్ బాట్లకి నోవిస్ నుంచి గాడ్‌లైక్ దాకా ఎనిమిది స్థాయిలు, పైగా ప్రాక్టీస్ సెషన్‌లో ఆటో అడ్జస్ట్ స్కిల్ పెడితే మీరు గెలిచేకొద్దీ వాటి స్థాయి పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. ఒకే దిక్కు మీట రెండుసార్లు టకటకా నొక్కితే పక్కకి దూకడం, షాక్ రైఫిల్ గోళాన్ని దాని సొంత కిరణంతో గాల్లోనే పేల్చడం, ఈ రెండూ డెక్16 మ్యాప్‌లో ముగ్గురు బాట్లతో నేర్చుకోవచ్చు. ఆటని ఎపిక్ దుకాణాల నుంచి తీసేసింది, 2023 జనవరిలో అధికారిక సర్వర్లు కూడా ఆపేసింది. ఇప్పుడు ఓల్డ్‌అన్‌రియల్ అనే అభిమానుల బృందం ఇన్‌స్టాలర్‌తో, ఎపిక్ అనుమతితోనే, ఉచితంగా దొరుకుతుంది. 469 ప్యాచ్ అందులోనే వస్తుంది, ఇప్పటి తెరలకి అదే తప్పనిసరి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి ఇది లెక్కే కాదు. మౌస్ మాత్రం తీగ ఉన్నది పెట్టండి.